గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు



రక్తపరీక్ష అనగానే ఇప్పుడు మన నిజామాబాద్ జిల్లాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి రెండు: షుగరు, డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ రెండింటి గురించీ కాదు. దాదాపు ఖర్చే లేని పరీక్ష ఒకటి ఉంది. దానికి యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, రసాయనమూ అక్కర్లేదు. ఒక కొత్త గాజు గొట్టం, ఒక గడియారం, ఇరవై నిమిషాలు దాన్ని ముట్టుకోకుండా ఉండే ఓపిక, అంతే. బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని, రుద్రూర్ చుట్టూ ఉన్న చెరుకు తోటల్లో, వరి మళ్లలో పని చేసే మనిషి ప్రాణం ఎన్నోసార్లు ఆ గొట్టం చెప్పిన మాట మీద నిలబడింది. అలాంటి గొట్టమే మన ఆసుపత్రుల్లోంచి చప్పుడు లేకుండా మాయమవుతోంది. ల్యాబులో బతుకు గడిపినవాణ్ని కాబట్టి దాని తరఫున నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ముందు నేల సంగతి. మంజీరా మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్ల వెంట చెరుకు వచ్చింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది, బోధన్ పక్కన శక్కర్‌నగర్ లేచింది. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడిన కథ మీకు నేను చెప్పనక్కర్లేదు, ఆ కార్మికుల ఇళ్లవాళ్లే ఈ ప్రసంగం వింటుంటారు. చెరుకు మళ్లు చాలావరకు వరి మళ్లయ్యాయి, సోయా, మొక్కజొన్న చేలయ్యాయి. పంట ఏదైనా ఎలుక మాత్రం ఎటూ పోలేదు. అందులోనూ చెరుకు పది పన్నెండు నెలలు పొలంలో నిలబడే పంట. కింద ఎండిన ఆకు మందంగా పరుచుకుంటుంది, పందికొక్కులు గట్ల నిండా బొరియలు తవ్వుతాయి. ఎలుకలు అంత సుఖంగా బతికే చోటికి పాము రాక మానదు. అది మన మీద పగతో రాదు, దాని తిండి కోసం అది వస్తుంది. చీకట్లో మడవ మార్చడానికి వెళ్లిన మన కాలు దాని మీద పడుతుంది.

మన దేశంలో పాముకాటు మరణాల్లో ఎక్కువ భాగం నాలుగు పాముల వల్లే. నాగుపాము, కట్లపాము నరాల మీద దెబ్బకొడతాయి. కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి ఆగుతుంది. మిగతా రెండూ పింజర జాతివి. వాటిలో పెద్దది, ఒంటి మీద గొలుసులాంటి మచ్చలుండి, కుక్కర్ కూతలాగా బుస కొట్టేది రక్తపింజర. రెండోది చిన్నది, పొలుసులు రాపాడించి గరగరమనేది. పేర్లు మాత్రం ఊరికో తీరుగా వాడతారు, అందుకే కరిచిన పాము పేరు విని వైద్యం చేయలేం. ఈ రెండూ దెబ్బతీసేది రక్తం గడ్డకట్టే తీరును.

అదెలాగో చెబుతాను. మన రక్తంలో ఫైబ్రినోజెన్ అనే మాంసకృత్తు ఎప్పుడూ కరిగి ఉంటుంది. డెసిలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా ఉండటం మామూలు. కొడవలి తగిలి చెయ్యి తెగినప్పుడు, రక్తంలోని కారకాలు ఒకదాన్నొకటి లేపుకుంటూ పోయి చివరికి థ్రాంబిన్ అనే ఎంజైమును తయారుచేస్తాయి. ఆ థ్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ను సన్నటి పోగులుగా మార్చి గాయం మీద వల అల్లుతుంది. ఆ కారకాలకు రోమన్ అంకెల్లో నంబర్లు పెట్టారు, ఒకటి నుంచి పదమూడు వరకు. రక్తపింజర విషంలో పదో కారకాన్ని నేరుగా నిద్రలేపే ఎంజైము ఒకటి ఉంది, ఐదో కారకాన్ని లేపేది ఇంకొకటి ఉంది. అంటే ఆ విషం రక్తాన్ని పలచన చేయదు, గడ్డకట్టమని తొందరపెడుతుంది. ఒంట్లో గాయం లేనిచోట కూడా రక్తనాళాల్లో పోగులు పడతాయి, శరీరం వాటిని వెంటవెంటనే కరిగిస్తుంది, మళ్లీ పడతాయి, మళ్లీ కరిగిస్తుంది. ఇలా కొన్ని గంటల్లో ఫైబ్రినోజెన్ అంతా ఖర్చయిపోతుంది. వెన్న తీసేసిన మజ్జిగను ఎంతసేపు చిలికినా వెన్న రాదు కదా, ఆ రక్తం సంగతీ అంతే. చూడటానికి మామూలు రక్తమే, రంగులో తేడా ఉండదు, గడ్డ మాత్రం కట్టదు. ఆ తర్వాత చిగుళ్ల నుంచి, మూత్రంలో, సూది గుచ్చిన చోట, అన్నిటికన్నా భయపడాల్సింది మెదడులో, రక్తస్రావం మొదలవుతుంది. కిడ్నీలు దెబ్బతిని డయాలిసిస్ దాకా పోయేవాళ్లూ ఉంటారు.

ఇబ్బంది ఏమిటంటే, ఈ లోపలి ఖర్చు పైకి వెంటనే కనిపించదు. ఒక రాత్రి బోధన్ వైపు నుంచి ఒక రైతును తీసుకొచ్చారు. పొలానికి నీళ్లు పెట్టడానికి పోయిన మనిషి. మడమ పైన చిన్న గీత, కొంచెం వాపు. మనిషి లేచి కూర్చుని మాట్లాడుతున్నాడు. "పురుగు ముట్టిందో, ముల్లు గుచ్చుకుందో తెలుస్తలేదు సారూ, చీకట్ల ఏం కనబడలే" అన్నది భార్య. వెంట వచ్చిన అన్న, "మంచిగనే ఉన్నడు గద, టీటీ ఇచ్చి పంపుర్రి" అన్నాడు. డ్యూటీ డాక్టరుది చిన్న వయసే, అయినా గట్టి మనిషి. "ముందు గొట్టంలో రక్తం పెట్టండి" అన్నది. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి గాజు గొట్టంలో వేసి స్టాండులో నిలబెట్టాం, గోడ గడియారం చూసి టైము రాసుకున్నాం. ఇరవై నిమిషాల తర్వాత ఒక్కసారి వంచితే రక్తం గాజు గోడ పొడుగునా జారి కిందికి వచ్చేసింది. ఆ అన్న ఇంకేం మాట్లాడలేదు. విరుగుడు సూది అప్పుడే మొదలైంది. ఆరు గంటలకు మళ్లీ పెట్టిన గొట్టమూ జారింది, ఇంకో విడత మందు ఎక్కించారు. ఆ తర్వాతి గొట్టం వంచితే గడ్డ కదల్లేదు. ఆ రాత్రి ఎవరూ టీటీ ఇచ్చి పంపించకపోవడమే ఆ మనిషి అదృష్టం.

ఈ పరీక్ష కొత్తదేం కాదు. రక్తాన్ని గాజు గొట్టంలో పోసి ఎంతసేపటికి గడ్డకడుతుందో చూడటం 1913లో లీ, వైట్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యుల పేరు మీద స్థిరపడింది. దాన్ని పాముకాటుకు పనికొచ్చేలా, పల్లె ఆసుపత్రిలో కూడా చేయగలిగేలా సులువు చేసింది డేవిడ్ వారెల్ అనే బ్రిటిష్ వైద్యుడు, 1970లలో నైజీరియాలో పింజర కాట్లకు వైద్యం చేస్తూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనూ, మన దేశపు పాముకాటు చికిత్స విధానంలోనూ ఇదే ఉంది. అనుమానం ఉన్నప్పుడు మొదటి గొట్టంలో రక్తం గడ్డకట్టినా అంతటితో వదిలేయకూడదు. మొదటి కొన్ని గంటలు తరచుగా, ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ చూస్తూ ఉండాలి. విషం మెల్లగా ఎక్కే మనుషులూ ఉంటారు.

విరుగుడు ఇచ్చాక ఆరు గంటలు ఆగి మళ్లీ చూడమనడానికి కారణం ఉంది. మందు విషాన్ని అణిచేస్తుంది గానీ ఖర్చయిపోయిన ఫైబ్రినోజెన్‌ను తిరిగి ఇవ్వదు. దాన్ని కాలేయమే కొత్తగా తయారుచేయాలి, గడ్డకట్టేంత మోతాదుకు రావడానికి దానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. గంటకే గొట్టం పెట్టి ఇంకా జారుతోందని కంగారుపడి సీసా మీద సీసా ఎక్కించడం వృథా. ఆరు గంటలకు కూడా జారితే, ఒంట్లో విషం ఇంకా ఉన్నట్టు. అప్పుడు మళ్లీ మందు. ఎన్ని సీసాలు పడతాయో ముందే లెక్కకట్టలేం. పైగా ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపించారు. మనం వాడే విరుగుడుకు కావలసిన విషం ఎక్కువగా తమిళనాడులోని ఇరుళ పాములు పట్టేవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది, 1978లో పెట్టిన సంఘం అది. అక్కడి పాము విషంతో గుర్రాల్లో తయారుచేసిన మందు ఇక్కడి పాము కాటుకు ఎంత పని చేసిందో చెప్పగలిగేది మంచం పక్కన నిలబెట్టిన గొట్టమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గాజే ఎందుకు, ప్లాస్టిక్ అయితే ఏమవుతుంది?

రక్తం గాజును తాకగానే పన్నెండో కారకం మేల్కొంటుంది. గాజు ఉపరితలానికి ఉన్న రుణ విద్యుదావేశం దాన్ని లేపుతుంది. అక్కణ్నుంచి గడ్డకట్టే పని మొదలవుతుంది. ఈ కారకం కనిపెట్టిన కథ చాలా చిత్రమైనది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో జాన్ హేగ్‌మన్ అనే రైల్వే కార్మికుడు ఆపరేషన్ కోసం ఆసుపత్రికి వచ్చాడు. మామూలుగా చేసే పరీక్షలో ఆయన రక్తం గొట్టంలో ఎంతకీ గడ్డకట్టలేదు. ఆయనకేమో జీవితంలో ఎప్పుడూ రక్తస్రావం ఇబ్బంది లేదు. ఆస్కార్ రాట్నాఫ్ అనే వైద్యుడు దాని వెంటపడి, ఆయన రక్తంలో ఒక కారకం లేదని 1955లో ప్రకటించాడు. ఇప్పటికీ దాన్ని హేగ్‌మన్ కారకం అంటారు. ఒంట్లో గాయం మాన్పడానికి దాని అవసరం పెద్దగా లేదు, గాజు గొట్టంలో మాత్రం అది లేనిదే పని జరగదు. చివరికి హేగ్‌మన్ చనిపోయింది కూడా రక్తం కారి కాదు. 1968లో కిందపడి తుంటి ఎముక విరిగితే, ఊపిరితిత్తుల్లోకి గడ్డ వెళ్లి పోయాడు. గొట్టంలో గడ్డకట్టని రక్తం ఒంట్లో గడ్డకట్టి ఆయన్ని చంపింది.

కాబట్టి ప్లాస్టిక్ గొట్టంలో రక్తం పోసి ఇరవై నిమిషాలు చూస్తే, ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కూడా గడ్డకట్టకుండా ఉండిపోవచ్చు. కాటు విషం లేనిదైనా విరుగుడు ఎక్కిస్తారు. అది గుర్రం సీరం నుంచి తీసిన మందు, దానికి ఒళ్లు తిరగబడి బీపీ పడిపోయే ప్రమాదం ఉంది, పక్కన అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని ఇవ్వాల్సిన మందు అది. గాజు గొట్టమే అయినా, సబ్బు పొడితో కడిగి ఆరబెట్టినది పనికిరాదు. సబ్బు మిగిలిపోయిన గాజు పన్నెండో కారకాన్ని సరిగా లేపదు. తడి గొట్టమూ పనికిరాదు. కొత్తది, పొడిది, శుభ్రమైనది కావాలి. గొట్టం మీద అనుమానం ఉంటే దానికీ ఉపాయం ఉంది. పరీక్ష చేసేవాళ్లు తమ రక్తమే రెండు మిల్లీలీటర్లు అలాంటి గొట్టంలోనే పక్కన పెట్టుకోవాలి. మనది గడ్డకట్టి రోగిది జారితే, తప్పు గొట్టానిది కాదు.

ఇన్ని చెప్పాక దీని బలహీనత కూడా చెప్పాలి. శ్రీలంకలో ఈ పరీక్షను మామూలు వార్డుల్లో ఎలా చేస్తున్నారో అలాగే చూస్తే, రక్తం చెడిన రోగుల్లో సగం మందిని కూడా అది పట్టలేకపోయింది. ఒకరు ఎంత వీలైతే అంత రక్తం పోస్తారు, ఒకరు పది నిమిషాలకే ఎత్తి ఊపుతారు, ఇంకొకరు మరిచిపోయి గంట తర్వాత చూస్తారు. అదే దేశంలో తర్వాత సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఒకే రకం గొట్టం, ఒకే కొలత పెట్టి చేయిస్తే ఐదుగురిలో నలుగురిని పట్టుకుంది. పరీక్ష మారలేదు, చేసే పద్ధతి మారింది. మన దగ్గర దీన్ని చిన్నచూపు చూడటం నేను కళ్లారా చూశాను. ఒక ఆసుపత్రిలో గాజు గొట్టాలు అడిగితే, "ఇప్పుడెవరు వాడుతున్నారండీ, అన్నీ వాక్యూమ్ ట్యూబులే కదా" అన్నారు. ఊదా మూత ట్యూబు, నీలం మూత ట్యూబు, ఎర్ర మూత ట్యూబు అన్నీ ఉన్నాయి. కొత్త గాజు గొట్టాల పెట్టె మాత్రం లేదు. లక్షల విలువ చేసే యంత్రం పక్కనే ఉంది గానీ అర్ధరాత్రి దాన్ని నడిపే మనిషి లేడు.

ఆ నీలం మూత ట్యూబు గురించి కూడా రెండు మాటలు. యంత్రం మీద గడ్డకట్టే సమయం చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలకు వాడేది అదే. అందులో ముందే సోడియం సిట్రేట్ ఉంటుంది, అది రక్తంలోని కాల్షియంను పట్టి ఉంచి గడ్డకట్టకుండా ఆపుతుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ అని కొలత. గీత దాకా రక్తం నింపకుండా సగం ట్యూబు పంపితే సిట్రేట్ ఎక్కువై, రక్తం లోపం లేకున్నా గడ్డకట్టడం ఆలస్యమైనట్టు రిపోర్టు వస్తుంది. "ట్యూబు నిండలేదు, మళ్లీ తీయండి" అని ల్యాబు వాళ్లు అన్నప్పుడు మీకు కోపం రావడం సహజమే. కానీ వాళ్లు చేస్తున్నది మీకు మేలే.

ఇక ఈ రక్తపింజరకూ మన తెలుగు నేలకూ ఉన్న పాత బంధం ఒకటి చెప్పాలి, ఇది చాలామంది వైద్యులకు కూడా తెలియదు. ఈ పాముకు ప్రపంచమంతా రస్సెల్ వైపర్ అని పేరు. ఆ రస్సెల్ ఎవరంటే, ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు, 1781లో తమ్ముడి వెంట మన దేశానికి వచ్చి విశాఖపట్నంలో ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీ తరఫున మద్రాసు ప్రాంతపు ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పని చేశాడు. కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో ఆయన పుస్తకం అచ్చయింది. పాముల బొమ్మలు వేయించి, వాటికి స్థానికులు చెప్పిన పేర్లు కూడా రాసుకున్నాడు. ఈ పాముకు ఆయన రాసుకున్న పేరు కాటుక రేకుల పొడ. ఏ పాములో విషం ఉందో ఏ పాములో లేదో జనానికి తెలియాలన్నదే ఆయన తాపత్రయం. కోళ్ల మీదా కుక్కల మీదా పరీక్షలు చేసి మరీ రాశాడు. ఆ పుస్తకం వచ్చిన తర్వాతే శాస్త్ర నామంలో ఆయన పేరు చేరింది.

అదే విషం 1934లో లండన్‌లో ఇంకో దారి పట్టింది. గ్విన్ మక్‌ఫర్లేన్ అనే యువ వైద్యుడికి హీమోఫీలియా రోగుల బాధ తెలుసు. పుట్టుకతోనే గడ్డకట్టే కారకం ఒకటి లోపించి, పన్ను పీకితే రక్తం ఆగని జబ్బు అది. లండన్ జంతుశాలలో పాముల విభాగం చూసే బర్జెస్ బార్నెట్‌తో కలిసి రకరకాల పాముల విషాలు తెచ్చి హీమోఫీలియా రక్తంలో వేసి చూశాడు. పదివేల వంతుల నీటిలో ఒక వంతు కలిపినా రక్తపింజర విషం ఆ రక్తాన్ని క్షణాల్లో గడ్డకట్టించింది. పన్ను పీకిన చోట పెట్టే మందుగా అది బజారులోకి కూడా వచ్చింది. మక్‌ఫర్లేన్ అంతటితో ఆగలేదు. రక్తం గడ్డకట్టడం ఒకదాని వెనక ఒకటి జరిగే మెట్ల వరస అని 1964లో ప్రతిపాదించినవాళ్లలో ఆయన ఒకడు. ఈ రోజుకీ, గర్భాలు మళ్లీ మళ్లీ పోతున్న స్త్రీకి, లేదా చిన్న వయసులోనే కాలి రక్తనాళంలో గడ్డకట్టిన మనిషికి లూపస్ యాంటికోయాగులెంట్ అనే యాంటీబాడీ ఉందేమో చూడటానికి పెద్ద ల్యాబుల్లో చేసే ఒక పరీక్షలో వాడేది నీళ్లలో పలచన చేసిన ఈ పాము విషమే. 1986 నుంచి ఆ పరీక్ష వాడుకలో ఉంది. మన పొలంలో మనిషిని చంపే పదార్థం మరో చోట ఒక తల్లి జబ్బును కనిపెడుతోంది.

పాము ఒక్కటే కాదు, మన పొలాల్లో రక్తాన్ని గడ్డకట్టకుండా చేసేది ఇంకొకటి ఉంది, అది మనమే కొని తెచ్చుకుంటాం. ఎలుకల మందు. గట్ల మీద పెట్టే రకరకాల మందుల్లో బ్రోమాడయోలోన్ ఒకటి. ఆ జాతి మందుల పుట్టుక అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉంది. 1933 చలికాలంలో ఎడ్ కార్ల్‌సన్ అనే పాడిరైతు మంచు తుపానులో బండి నడుపుకుంటూ అక్కడి విశ్వవిద్యాలయానికి వచ్చాడు. బండిలో చచ్చిన పెయ్య, ఒక డబ్బాలో గడ్డకట్టని రక్తం, పాడైన మేత ఉన్నాయి. ఆవులు ఎందుకిలా రక్తం కారి చస్తున్నాయో చెప్పమన్నాడు. కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కొన్నేళ్లు శ్రమించి, బూజు పట్టిన మేతలో కె విటమిన్ పనిని అడ్డుకునే పదార్థం ఉందని తేల్చాడు. దానిలోంచి పుట్టిందే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా వచ్చింది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్‌కు అదే మందుగా ఇచ్చారు. గుండె కవాటం మార్పించుకుని రోజూ చిన్న మాత్ర వేసుకునేవాళ్లు మన జిల్లాలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లు వేసుకునేది వార్ఫరిన్, లేదా దాని తోబుట్టువు లాంటి మందు. నెలనెలా గడ్డకట్టే సమయాన్ని లెక్కకట్టే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోమనేది అందుకే. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ లెక్కను ఒప్పుకుంది కాబట్టే నిజామాబాద్‌లో చేసిన రిపోర్టు హైదరాబాద్ డాక్టరుకు కూడా ఒకే అర్థం ఇస్తుంది. ఈ మాత్ర వేసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: నొప్పి బిళ్లలు సొంతంగా కొనుక్కోవద్దు, పాలకూర, తోటకూర ఒక వారం బాగా తిని ఇంకో వారం పూర్తిగా మానేయవద్దు. రోజూ తినే తీరు ఒకేలా ఉంటే చాలు.

బ్రోమాడయోలోన్ వార్ఫరిన్ కన్నా చాలా మొండిది, ఒంట్లో వారాల తరబడి ఉండిపోతుంది. పొలంలో పెట్టిన మందు బిళ్లను పిల్లవాడు నోట్లో పెట్టుకుంటే ఆ రోజు ఏమీ కాదు, రెండు మూడు రోజులకు ముక్కు నుంచి రక్తం మొదలవ్వొచ్చు. కారకాల్లో ముందు అయిపోయేది ఏడోది, అది చూపించేది పీటీ పరీక్ష. పాముకాటుకు గొట్టం చాలు గానీ దీనికి చాలదు, యంత్రమే కావాలి. మందు కె విటమిన్, అదీ వారాలపాటు. పిల్లవాడు బాగానే ఆడుకుంటున్నాడని ఇంట్లో ఉంచుకోవద్దు, మందు పెట్టె పట్టుకుని ఆసుపత్రికి రండి.

పాముకాటు లెక్కకు వస్తే, 2000 నుంచి 2019 మధ్య మన దేశంలో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో అచ్చయిన అధ్యయనం చెబుతోంది. ఏడాదికి సగటున 58 వేలు. అందులో 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే, ఆ ఎనిమిదిలో తెలంగాణ కలిసిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబర్ లోపు. ఎక్కువ మంది పోయింది ఆసుపత్రిలో కాదు, ఇంటి దగ్గరే. 2024లో కేంద్రం పాముకాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, ప్రతి కాటునూ ప్రభుత్వానికి తెలియజేయాలని రాష్ట్రాలను కోరింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని లక్ష్యం.

ఆ లక్ష్యానికి మన జిల్లా వంతు ఏమిటో చెప్పి ముగిస్తాను. కాటు పడితే కాలు కదపకుండా పడుకోబెట్టండి, 108కి ఫోన్ చేయండి. మెట్టెలు, కడియాలు, ఉంగరాలు వెంటనే తీసేయండి, వాపు వస్తే తర్వాత తీయలేరు. తాడుతో బిగించి కట్టవద్దు, బ్లేడుతో కోయవద్దు, నోటితో పీల్చవద్దు. గడ్డకట్టని రక్తం ఉన్న మనిషికి మీరు చేసే ఆ కోతే పెద్ద గాయం. మంత్రగాడి దగ్గర పోయే గంటలో లోపల ఫైబ్రినోజెన్ ఖర్చవుతూనే ఉంటుంది. ఊళ్లో ఆర్ఎంపీ అన్నలకు నా మనవి: పాముకాటు అనుమానం ఉన్న మనిషికి పిరుదులో ఏ సూదీ వేయకండి, టీటీ అయినా సరే, నొప్పి సూది అయినా సరే. కండలో రక్తం గూడుకట్టుకుంటుంది. సైకిల్ మోటరు ఉంటే ఎక్కించి పంపండి, అది చాలు.

ఇక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యాధికారులకూ, ల్యాబు తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ: ఈ వానాకాలం మొదలయ్యేలోపే మీ దగ్గర కొత్త గాజు గొట్టాల పెట్టె ఒకటి ఉందో లేదో బీరువా తెరిచి చూడండి. లేకపోతే ఇండెంట్ పెట్టండి. ఉంటే రాత్రి డ్యూటీ నర్సుకు అది ఎక్కడుందో చూపించి, ఒక గోడ గడియారం కూడా పెట్టించండి. ఎవరి రక్తంతోనైనా ఒకసారి చేసి చూడండి. సర్పంచులు, ఆశా కార్యకర్తలు వెళ్లి అడిగితే ఇంకా మంచిది.